ఆడపిల్లకు పాఠపు వేళ

2020 మార్చిలో కరోనా వ్యాధి వలన పాఠశాలలు మూతపడినవి. సెప్టెంబరు 1వ తేదీ నుండి తెలంగాణ ప్రభుత్వము దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ప్రసారముల ద్వారా పాఠములను ఇండ్లకే పంపినది. పాఠము ఇంటికి వచ్చినంత మాత్రమున బాలికకు అందినట్లు కాదు. ఇంట ఒక్క ఫోనే యున్నచో అది మొదట ఎవరి చేతికి పోవును? పాఠపు వేళకే నీళ్లకు, అంట్లకు, చంటిబిడ్డకు ఆడపిల్లనే పిలుచుట మనకు అలవాటు.

ప్రకృతిని కాపాడుకొనుచు జీవించుట, ప్రపంచ పౌరులుగా మెలగుట 2030 నాటికి విద్యార్థులందరు నేర్వవలెనని ఐక్యరాజ్యసమితి 2015లో నిర్ణయించినది. ఇది మన బాలికలకు దూరపు మాట కాదు. 1908 నాటి మూసీ వరదల అనుభవముతో నిర్మించిన హిమాయత్‌సాగర్ మన తెలంగాణలోనే యున్నది. వాగులు పూడినచో ఆ జలాశయము నిండదు; మురుగు చేరినచో ఆ నీరు త్రాగుటకు పనికిరాదు. ఎగువ ఊరి నడతయే దిగువ ఊరి మంచినీరు. దేశముల నడుమను న్యాయమిదియే. గట్టుపై మొదలైన ఈ పాఠమును ఉపాధ్యాయిని తెరపై అన్యదేశముల నదులను చూపి కొనసాగింపవచ్చును.

నేడు బడులు తెరచియే యున్నవి. ఇంట తెరపై చదువుకొను వీలును ఉన్నది. తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే: దినమునకు ఒక గంట ఫోనును బాలికకు ఇయ్యుడు. ఆ గంటలో ఆమెకు ఏ పనియు చెప్పకుడు.