పట్టుదల వేరు, పనిలో ఉత్సాహం వేరు



“మా అబ్బాయి ఒక్కరోజు కూడా డ్యూటీ మానడు సిస్టరుగారూ. కానీ ఇంటికొచ్చాక ఎవరితోనూ మాట్లాడడు” అని తల్లులు మాతో చెబుతుంటారు. ఇలాంటివారికి పట్టుదల ఉంటుంది. తగ్గిపోయింది పని మీది ఉత్సాహం కావచ్చు. ఈ రెండింటినీ మనం ఒకటే అనుకుంటాం. మనస్తత్వ శాస్త్రజ్ఞులు మాత్రం వేర్వేరు ప్రశ్నావళులతో కొలుస్తారు.

గ్రిట్ స్కేలు

దీనిని అమెరికాకు చెందిన ఏంజెలా డక్‌వర్త్, ఆమె సహచరులు 2007లో 12 వాక్యాలతో ప్రచురించారు. 2009లో 8 వాక్యాల చిన్న రూపం వచ్చింది. ఇది రెండు సంగతులు చూస్తుంది: ఆటంకాలు వచ్చినా శ్రమ మానకుండా ఉంటారా? ఏళ్ళ తరబడి ఒకే లక్ష్యం మీద ఆసక్తి నిలుస్తుందా? ఒక్కో వాక్యానికి 1 నుండి 5 వరకు మార్కులు వేసి సగటు తీస్తారు.

ఉట్రెక్ట్ స్కేలు

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరం పేరు గల ఈ స్కేలును విల్మార్ షౌఫెలి, ఆయన సహచరులు తయారుచేశారు. 2002లో 17 వాక్యాలు, 2006లో 9 వాక్యాల రూపం వచ్చాయి. పనిలో హుషారు, అంకితభావం, లీనమవడం అనే మూడింటిని ఎంత తరచుగా అనుభవిస్తున్నారో అడుగుతుంది. ఎప్పుడూ లేదంటే 0, ప్రతిరోజూ అయితే 6.

తేడా ఏమిటి?

మొదటిది మనిషి స్వభావాన్ని అడుగుతుంది. రెండవది ఆ మనిషికి పని ఎలా అనిపిస్తున్నదో అడుగుతుంది. పై అధికారి ఆదరణ, తోటివారి సహాయం, పనిభారం, విశ్రాంతిని బట్టి ఈ రెండవది మారుతుంది. పట్టుదల మార్కు ఎక్కువ, ఉత్సాహం మార్కు తక్కువ వచ్చిన మనిషికి “ఇంకా కష్టపడు” అనే బోధ పనికిరాదు. ఆయన ఇప్పటికే కష్టపడుతున్నారు. ఆయన పనిగంటలు, నిద్ర, తోడు గురించి అడగాలి.

జాగ్రత్తలు

రెండింటిలోనూ జవాబు చెప్పేది మనమే. తనతో తాను కఠినంగా ఉండేవారు తక్కువ మార్కు వేసుకుంటారు. గ్రిట్ అనేది పూర్తిగా కొత్త గుణం కాదనీ, మనస్సాక్షిగా పనిచేసే స్వభావానికి చాలా దగ్గరదనీ 2017లో అనేక పరిశోధనలను కలిపి చూసినవారు తేల్చారు. ఇటువంటి కొలతలతో పాఠశాలల మీద తీర్పు చెప్పవద్దని డక్‌వర్త్ తానే 2015లో హెచ్చరించారు. కనుక ఈ మార్కులు చూసి ఉద్యోగం ఇవ్వడం, తీసివేయడం, పిల్లలను పోల్చి మందలించడం తగదు.

ఇవి జబ్బును గుర్తించే పరీక్షలు కూడా కావు. రెండు వారాలు దాటినా నిద్రలేమి, దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే డాక్టరుగారిని కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగవద్దు. టెలి మానస్ ఉచిత ఫోను 14416కు ఏ వేళనైనా మాట్లాడవచ్చు.

ఈ రాత్రి మీ ఇంట్లో డ్యూటీ నుండి వచ్చినవారిని “ఎంత పని చేశావు?” అనే ముందు “పని ఎలా అనిపిస్తోంది?” అని అడగండి. జవాబు పూర్తిగా వినండి.