రూపాయి వడ్డీ నుంచి రిజర్వు బ్యాంకు దాకా



"బ్యాంకింగ్, ఫైనాన్స్ తీసుకుని ఎం.కామ్. చేస్తున్నావట కదా, ఇక బ్యాంకు ఉద్యోగం వచ్చినట్లేనా?" సెలవులకు ఊరు వెళ్ళినప్పుడల్లా మేము వినే ప్రశ్న ఇదే. హాస్టల్‌కు వస్తే తమ్ముళ్ళు కూడా ఇదే అడుగుతున్నారు. అందుకే వార్షికోత్సవ సంచికలో ఈ చదువు గురించి నాలుగు మాటలు రాస్తున్నాము. మా ఇంట్లో మాకు ముందు డిగ్రీ చదివినవారు లేరు. చెప్పేవారు లేక మేము నష్టపోయిన సంగతి కూడా ఇందులో ఉంది.

వంద రోజుల అప్పు

పి.జి. సీటు వచ్చినప్పుడు ఫీజుకు, మెస్ అడ్వాన్సుకు చేతిలో డబ్బు లేదు. స్కాలర్‌షిప్ వచ్చేసరికి నెలలు పడుతుంది. రెండేళ్ళ ఖర్చుకు విద్యా రుణం కోసం ఒక బ్యాంకుకు వెళ్తే, "పొలం కాగితాలు ఉన్నాయా?" అని అడిగారు. మాకు సెంటు భూమి లేదు. మారు మాట్లాడకుండా తిరిగి వచ్చాము. తోపుడు బండి మీద కూరగాయలు అమ్మే మా నాన్న రోజువారీ ఫైనాన్సులో 10,000 రూపాయలు తీసుకున్నారు. వెయ్యి ముందే పట్టుకుని 9,000 చేతిలో పెట్టారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. "వందకు పది రూపాయలేగా, రెండు రూపాయల వడ్డీ కన్నా నయం" అని ఇంట్లో అందరమూ అనుకున్నాము.

మొదటి సెమిస్టర్ ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్‌లో 'డబ్బుకు కాల విలువ' అనే పాఠం ఉంటుంది. ఈ రోజు చేతిలో ఉన్న వంద, ఏడాది తర్వాత వచ్చే వంద ఒకటి కావన్నదే దాని సారం. ఆ సాయంత్రం రూములో కూర్చుని నాన్న అప్పునే లెక్కగా వేసుకున్నాము.

చేతికి వచ్చింది 9,000. మర్నాటి నుంచే తిరిగి కడుతున్నాము కాబట్టి ఆ తొమ్మిది వేలు మన దగ్గర వంద రోజులూ ఉండవు. సగటున చూస్తే నాలుగున్నర వేల పైచిలుకు మాత్రమే వాడుకున్నట్లు. దానికి 100 రోజుల వడ్డీ 1,000. సంవత్సరానికి లెక్క కడితే 75 శాతం దాటింది. రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు వందకు రెండు, అంటే ఏడాదికి 24 శాతం. నయం అనుకుని తీసుకున్నది దానికి మూడింతలు. అప్పటికి ఇంకా ఇరవై రోజుల వాయిదాలు మిగిలి ఉన్నాయి.

ఫోన్ చేసి నాన్నకు చెబితే, "ఎక్కువని నాకు తెలియక కాదురా, ఇంకెవరిచ్చారు?" అన్నారు. మా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు రెండో సెమిస్టర్‌లో దొరికింది. 4 లక్షల రూపాయల వరకు విద్యా రుణానికి ఆస్తి తనఖా అడగరాదని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. తల్లిదండ్రులు సహ రుణగ్రహీతలుగా సంతకం పెడితే చాలు. అంతే కాదు, వాణిజ్య బ్యాంకులు తమ రుణాల్లో 40 శాతం ప్రాధాన్య రంగాలకు ఇవ్వాలి. అందులో వ్యవసాయానికి 18 శాతం, బలహీన వర్గాలకు 12 శాతం లక్ష్యాలు ఉన్నాయి. సన్నకారు రైతులు, ఎస్.సి., ఎస్.టి.లు, మన అమ్మల డాక్రా సంఘాలు ఈ బలహీన వర్గాల్లోకే వస్తాయి. అంటే ఆ అప్పు ఎవరో దయతో ఇచ్చేది కాదు, నిబంధన ప్రకారం ఇవ్వవలసినది. ఆ రోజు ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే బ్యాంకులో ఇంకొక మాట అడిగి ఉండేవాళ్ళం.

ఏమేమి చదువుతాము?

బ్యాంకింగ్ చట్టాలు, ఆర్థిక నిర్వహణ, షేర్లు–బాండ్ల విశ్లేషణ, నష్టభయ నిర్వహణ, అంతర్జాతీయ ఫైనాన్స్ ముఖ్యమైనవి. పేర్లకు బెదరవద్దు, విషయం మన ఇళ్ళల్లోనే ఉంది. వాయిదా గానీ వడ్డీ గానీ 90 రోజులకు మించి అందకపోతే బ్యాంకు ఆ అప్పును నిరర్థక ఆస్తిగా రాసుకుంటుంది. పంట రుణాలకు మాత్రం రోజులు కాక పంట కాలాలు లెక్క. బ్యాంకు మూతపడితే ఒక్కొక్కరి డిపాజిట్‌కు 5 లక్షల దాకా బీమా ఉంది. 2020కి ముందు ఇది లక్షే. 2010 అక్టోబరులో సూక్ష్మ రుణ సంస్థల వసూళ్ళ మీద ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అదీ మాకు పాఠమే. మా చిన్నప్పుడు వీధిలో విన్న గొడవను పుస్తకంలో చదువుకున్నాము.

ఉద్యోగం మాట

ఉన్నది ఉన్నట్లు చెబుతాము. ఐ.బి.పి.ఎస్. నిర్వహించే క్లర్కు, పి.ఓ. పరీక్షలకు ఏ డిగ్రీ అయినా చాలు, పి.జి. అక్కర లేదు. పి.ఓ.కు వయసు 20 నుంచి 30. ఎస్.సి., ఎస్.టి. వారికి 5 ఏళ్ళు, ఓ.బి.సి. వారికి 3 ఏళ్ళు సడలింపు. ఇంటికి వెంటనే జీతం అవసరమైనవారు డిగ్రీ కాగానే ఆ పరీక్షలు రాయడమే మేలు. లెక్చరర్ కావాలంటే పి.జి. కావాలి. పి.జి.తో నెట్ పరీక్ష రాసేవారికి అందులో 55 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 50 శాతం మార్కులు ఉండాలి. రిజర్వు బ్యాంకు గ్రేడ్ బి పరీక్షలో ఫైనాన్స్ పేపరే ఉంది కాబట్టి అక్కడా ఈ చదువు అక్కరకు వస్తుంది.

ఎలా సిద్ధపడాలి?

బి.కామ్. వారు ఆంధ్రలో పి.జి.సెట్, తెలంగాణలో సి.పి.గెట్ రాసి ఎం.కామ్.లో చేరవచ్చు. మిగతా డిగ్రీల వారు ఐసెట్ రాసి ఎం.బి.ఎ.లో ఫైనాన్స్ తీసుకోవచ్చు.

తెలుగు మీడియం నుంచి వెళ్ళిన మాకు మొదటి రెండు నెలలు క్లాసులో సగం అర్థం కాలేదు. నోటుబుక్కులో ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క తెలుగులో అర్థం రాసుకుంటూ వచ్చాము. సెమిస్టర్ చివరికి ఆ నోటుబుక్కే మా గైడు అయింది. లెక్కలంటే భయం వద్దు. వాయిదాల లెక్కంతా మేము పదో తరగతి 'శ్రేఢులు' అధ్యాయంలో చదివిన గుణశ్రేఢే. ఆ పాఠం చదివేటప్పుడు ఇంట్లో ఉన్న ఏదో ఒక అప్పును లెక్క వేసి చూడండి.

చివరిగా, బ్యాంకుల్లో పని చేస్తున్న అన్నలకు ఒక విన్నపం. ఏటా డిగ్రీ ఫలితాల తర్వాత ఒక ఆదివారం హాస్టల్‌కు వచ్చి, విద్యా రుణం దరఖాస్తు ఎలా నింపాలో తమ్ముళ్ళకు చూపించండి. మేము కూడా వస్తాము. మన హాస్టల్ నుంచి పై చదువుకు వెళ్ళే ఏ ఒక్కరూ వంద రోజుల అప్పుతో మొదలుపెట్టకూడదని మా కోరిక.

– పూర్వ విద్యార్థి, ఎం.కామ్. రెండవ సంవత్సరం