'రీమాస్టర్డ్' అని రాస్తే సరిపోతుందా? సాలూరి, ఘంటసాల, సుశీల పాటలపై ఫ్యాన్స్ పంచాయితీ

పాత తెలుగు సినిమా పాట ఏదైనా మ్యూజిక్ యాప్‌లో వెతికి చూడండి. ఒకే పాట నాలుగైదు రూపాల్లో కనిపిస్తుంది. ఒకటి సినిమా పేరుతో, ఇంకోటి హిట్స్ కలెక్షన్‌లో, మరోటి 'రీమాస్టర్డ్' ట్యాగ్‌తో, ఇంకొకటి కింద దరువు కలిపిన ఝంకార్ వెర్షన్. నిడివి కూడా అన్నిటికీ ఒకేలా ఉండదు. మరి వీటిలో అసలు పాట ఏది?

పాత పాటల అభిమానులు ఇద్దరు కలిస్తే చాలు, పంచాయితీ ఇక్కడే మొదలవుతుంది. గరగర లేకుండా క్లీన్‌గా ఉంటేనే ఈ తరం వింటుందని ఒక వర్గం. గరగరతో పాటు గొంతులో జీవం కూడా తుడిచేశారని రెండో వర్గం. రికార్డులో లేని ముక్కలు సినిమాలో ఉన్నాయి, వాటిని బోనస్‌గా ఎందుకివ్వరని మూడో వర్గం. ముగ్గురి మాటలోనూ పాయింట్ ఉంది. కానీ ముగ్గురూ అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. అక్కడికే వద్దాం.

ఒక్క సినిమాలో ముగ్గురు మనోళ్లు

ఈ గొడవ అర్థం కావాలంటే 'మాయాబజార్' కంటే మంచి ఉదాహరణ లేదు. 1957లో వచ్చిన ఈ సినిమా పాటల వెనక విజయనగరంతో ముడిపడిన పేర్లు మూడున్నాయి.

మొదటి పేరు సాలూరి రాజేశ్వరరావు. సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టారు. ఆ ప్రాంతం నిన్నమొన్నటి దాకా విజయనగరం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం. రెండోది ఘంటసాల. పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో అయినా, పాట నేర్చుకున్నది విజయనగరం సంగీత కళాశాలలో. సాలూరుకు చెందిన పట్రాయని సీతారామశాస్త్రి ఆయన గురువు. 1919లో మొదలైన ఆ కాలేజీకి తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. మూడోది పి.సుశీల. 1935లో విజయనగరంలోనే పుట్టి, అదే కాలేజీలో చదువుకున్నారు.

ఇప్పుడు అసలు విషయం. 'మాయాబజార్'కు ముందు పనిచేసిన సంగీత దర్శకుడు సాలూరి. 'లాహిరి లాహిరి', 'చూపులు కలసిన శుభవేళ', 'నీకోసమే', 'శ్రీకరులు దేవతలు' పాటల ట్యూన్లు ఆయనవే. తర్వాత ఆయన తప్పుకోవడంతో ఆ పాటల రికార్డింగు, మిగతా సంగీతం ఘంటసాల చూసుకున్నారు. సినిమాకు సంగీత దర్శకుడిగా నిలిచింది ఘంటసాల పేరు. యాప్ కూడా ఆ ఒక్క పేరే తీసుకుంటే, 'లాహిరి లాహిరి' వింటున్న శివరామపురం కుర్రాడికి అది తన ఊరాయన కట్టిన బాణీ అని తెలిసే దారే లేదు.

ఎల్పీ రికార్డుకైతే కనీసం అట్ట ఉండేది, వెనక నాలుగు ముక్కలు రాసే చోటుండేది. స్ట్రీమింగ్‌లో ఆ అట్ట పోయింది. రీఇష్యూ గొడవలో అందరూ సౌండ్ గురించే మాట్లాడుకుంటున్నారు గానీ, అంతకంటే ముందు పోతున్నది ఈ సమాచారమే.

రీరిలీజ్ ట్రెండ్‌కు ముందే ఓ ప్రయోగం

2022లో 'పోకిరి'తో ఊపందుకున్న 4కే రీరిలీజులు మీకు తెలిసినవే. అంతకు పన్నెండేళ్ల ముందే, 2010 జనవరిలో, 'మాయాబజార్' రంగుల్లో థియేటర్లకొచ్చింది. హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ ఆ పని చేసింది. బొమ్మకు రంగులద్దడంతో ఆగలేదు. ఒకే ఛానల్‌లో ఉన్న మోనో సౌండ్‌ను డీటీఎస్ 5.1కి మార్చారు. అందుకోసం నేపథ్య సంగీతాన్ని మళ్లీ రికార్డు చేయించారు. రంగుల కాపీలో కొన్ని పాటలు పక్కకు పోయాయి కూడా.

సినిమా బాగానే ఆడింది. పిల్లలు పెద్ద తెర మీద ఘటోత్కచుణ్ని చూశారు. అది చిన్న విషయమేం కాదు. కానీ ఒక్కటి గమనించండి. మళ్లీ వాయించిన సంగీతాన్ని రీమాస్టర్ అనలేం. అది కొత్త రికార్డింగు. కొత్తది ఉండకూడదని కాదు, కొత్తదని చెప్పాలి. అంతే.

ఒకే ట్యాగ్ కింద ఐదు పనులు

'రీమాస్టర్డ్' అన్న మాట కింద నిజానికి వేర్వేరు పనులు జరుగుతాయి.

1. కొత్త ట్రాన్స్‌ఫర్: ఒరిజినల్ టేపునో, మంచి రికార్డునో మళ్లీ జాగ్రత్తగా డిజిటల్‌లోకి ఎక్కించడం. అన్నిటికంటే మేలైన పని ఇదే.

2. నాయిస్ తగ్గించడం: గరగర, టిక్ టిక్ శబ్దాలు తీసేయడం. మోతాదు మించితే 'స', 'శ' లాంటి అక్షరాల పదును పోతుంది. వీణ తీగ మీటాక మిగిలే సన్నటి నాదం చప్పున ఆగిపోతుంది. గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టుంటుంది.

3. సౌండ్ పెంచడం: చిన్న శబ్దాన్ని పైకి లేపి, పెద్దదాన్ని నొక్కేయడం. ఇయర్‌బడ్స్‌లో మొదటి పది సెకన్లు అదిరిపోతుంది. పాట అయ్యేసరికి చెవి అలిసిపోతుంది.

4. దొంగ స్టీరియో: మోనో పాటను కుడి ఎడమలకు కృత్రిమంగా చీల్చడం.

5. ఏఐతో విడదీయడం: డీజర్ సంస్థ 2019లో స్ప్లీటర్ టూల్‌ను అందరికీ ఇచ్చేసినప్పటి నుంచి గొంతునూ వాద్యాలనూ వేరు చేయడం ఇంట్లో ల్యాప్‌టాప్‌కి కూడా సాధ్యమే. విడదీశాక కొత్త బీట్ కలపడం నిమిషాల పని.

మొదటి రెండూ పాటను కాపాడే పనులు. చివరి మూడూ పాటను మార్చే పనులు. ట్యాగ్ మాత్రం అన్నిటికీ ఒకటే!

మీ ఫోన్‌లోనే తేల్చుకోండి

ముందుగా ఫోన్‌లో ఈక్వలైజర్, డాల్బీ అట్మాస్, స్పేషియల్ ఆడియో లాంటివన్నీ ఆఫ్ చేయండి. అవి ఆన్‌లో ఉంటే మీరు వింటున్నది మీ ఫోన్ చేసిన రీమాస్టర్! తర్వాత ఈ నాలుగు టెస్టులు చేయండి.

వాల్యూమ్ టెస్ట్: రెండు వెర్షన్లనూ ఒకే స్థాయిలో వినిపించేలా సర్దుకోండి. కొంచెం గట్టిగా ఉన్నదే బాగుందని మన చెవి మోసపోతుంది. చాలామంది రీమాస్టరే బెటరనేది ఈ మోసంలో పడే.

మోనో టెస్ట్: సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలో మోనో ఆడియో ఆప్షన్ ఉంటుంది. ఆన్, ఆఫ్ చేసి చూడండి. అసలైన మోనో పాటైతే తేడా తెలియదు. దొంగ స్టీరియో అయితే గొంతు పలచబడడమో, డొల్లగా మారడమో జరగొచ్చు. 'అహ నా పెళ్ళియంట' దీనికి మంచి పాట. సుశీల గొంతు, మధ్యలో ఘంటసాల గొంతు రెండూ ఉన్నాయి కాబట్టి సన్నని స్వరం, బరువైన స్వరం ఒకేసారి పరీక్షకు నిలుస్తాయి.

నిడివి టెస్ట్: రెండు వెర్షన్ల టైమ్ పోల్చండి. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంది. మన టీవీ, డీవీడీల పాల్ పద్ధతి 25తో. అలా మార్చిన కాపీ నుంచి సౌండ్ తీస్తే పాట 4 శాతం వేగంగా పరిగెడుతుంది. 4 నిమిషాల పాట దాదాపు 3 నిమిషాల 50 సెకన్లకే అయిపోతుంది. శ్రుతి కూడా పైకి జరుగుతుంది. ఘంటసాల గొంతు ఎక్కడైనా కాస్త పీలగా అనిపిస్తే ముందు ఇది చెక్ చేయండి. ఒక్కోసారి అది కత్తిరించిన పాట కూడా కావచ్చు, రెండూ పక్కపక్కన వింటే తెలిసిపోతుంది.

ల్యాప్‌టాప్ టెస్ట్: మీ దగ్గరున్న ఫైల్‌ను ఆడాసిటీలో ఓపెన్ చేసి, స్టీరియో ట్రాక్‌ను రెండుగా విడగొట్టండి. ఒకదాన్ని ఇన్వర్ట్ చేసి రెండింటినీ మోనోగా కలపండి. నిశ్శబ్దం వస్తే అది నికార్సైన మోనో. పాత రికార్డు లేదా టేపు నుంచి స్టీరియోలో ఎక్కించినదైతే సన్నటి రొద మిగలొచ్చు, కంగారు పడక్కర్లేదు. సంగీతమే మిగిలితే మాత్రం ఎవరో చేయి పెట్టారు.

ఇక హై-రెస్ లోగో సంగతి. పాత 78 రికార్డుల్లో సుమారు 8 కిలోహెర్ట్జ్ దాటాక పాట కంటే రొదే ఎక్కువ. సీడీ నాణ్యతే 20 కిలోహెర్ట్జ్ పైదాకా పట్టుకుంటుంది. కాబట్టి ఆ కాలం పాట కోసం ఎల్‌డాక్ బడ్స్ కొనాల్సిన పన్లేదు. మధ్య స్వరాలు స్పష్టంగా పలికే మామూలు వైర్డ్ ఇయర్‌ఫోన్స్ చాలు. బేస్ బూస్ట్ బడ్స్ అయితే గొంతు మీద దుప్పటి కప్పినట్టే.

బోనస్ అడిగే హక్కు మనకుందా?

ఉంది. 78 రికార్డు ఒక పక్కన పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. పెద్ద పాటైతే రెండు పక్కలకు పంచాలి, లేదా కోయాలి. అందుకే సినిమాలో ఉన్న రాగాలాపన, మధ్యలో డైలాగు, ఒక చరణం రికార్డులో కనిపించకపోవచ్చు. స్ట్రీమింగ్‌లో ఆ మూడు నిమిషాల గోడ లేదు. సినిమా వెర్షన్, రికార్డు వెర్షన్ రెండూ పక్కపక్కన పెట్టడానికి సాంకేతికంగా అడ్డేం లేదు.

బీటిల్స్ విషయంలో ఇలాంటి గొడవే నడిచింది. 2009లో వాళ్ల ఆల్బమ్‌లు రీమాస్టర్ చేసినప్పుడు స్టీరియో సెట్, మోనో సెట్ విడివిడిగా ఇచ్చారు. ఎవరిక్కావాల్సింది వాళ్లు కొనుక్కున్నారు. 2023లో 'నౌ అండ్ దెన్' పాటకు జాన్ లెనన్ గొంతును పాత డెమో క్యాసెట్ నుంచి మెషీన్ లెర్నింగ్‌తో బయటికి తీశారు. ఆ సంగతి దాచలేదు, ఎలా చేశారో డాక్యుమెంటరీ తీసి మరీ చూపించారు. టెక్నాలజీ వాడినందుకు ఎక్కువమంది ఫ్యాన్స్ తిట్టకపోవడానికి ఆ పారదర్శకత ఒక కారణం.

మన దగ్గర పాత పాటలకు గిరాకీ లేదనే సాకు కూడా చెల్లదు. 5 వేల పాటలు నింపిన కార్వాన్ ప్లేయర్‌ను సరేగమ 2017లో తెస్తే జనం ఎగబడి కొన్నారు. ఒకప్పటి హెచ్ఎంవీ కేటలాగ్ ఉన్నది ఆ సంస్థ దగ్గరే.

అటక మీది పెట్టె సంగతేంటి?

సినిమా పాటకు వెనక ఒక కంపెనీ ఉంది. మరి ఊళ్లో రికార్డయిన పాటకు? పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లి నుంచి వచ్చిన వంగపండు ప్రసాదరావు పాటలు ఉత్తరాంధ్రలో సభల్లో, ఊరేగింపుల్లో మార్మోగాయి. ఆయన 2020లో కన్నుమూశారు. అలాంటి గాయకులు పాడుతుండగా జనం పట్టుకున్న క్యాసెట్లకు మాస్టర్ టేపు ఉండదు. ఉన్న ఒక్క కాపీ మీ చిన్నాన్న ట్రంకు పెట్టెలోదే కావచ్చు. తేమకు టేపు పాడైతే ఏ ఏఐ కూడా దాన్ని తిరిగి తేలేదు.

శ్రీకాకుళం, విజయనగరంలో మీ ఇంట్లో అలాంటివి దొరికితే ఇలా చేయండి:

- 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో వేవ్ లేదా ఫ్లాక్ ఫైల్‌గా ఎక్కించండి. ఎంపీ3 తర్వాత చేసుకోవచ్చు.
- నాయిస్ రిడక్షన్ వేయకుండా ముడి ఫైల్ ఒకటి దాచండి. రేపు ఇంతకంటే మంచి టూల్ వస్తే పనికొచ్చేది అదే.
- 78 రికార్డుకు ఎల్పీ ముల్లు వాడొద్దు. దాని గాడి వెడల్పు ఎక్కువ, వేరే ముల్లు కావాలి.
- లేబుల్ ఫొటో తీయండి. రికార్డు మధ్యలో చెక్కిన నంబరు కూడా.
- పాడిందెవరు, ఎక్కడ, ఏ ఏడు అన్నది ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఫైల్ పేరులోనే రాయండి.

అప్‌లోడ్ చేసే ముందు చట్టం కూడా చూసుకోండి. కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగుకు రక్షణ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. అంటే 1965 వరకు విడుదలైన రికార్డింగుల గడువు 2025తో ముగిసింది. కానీ సాహిత్యం, బాణీల లెక్క వేరు. రాసిన, కట్టినవాళ్లు పోయాక 60 ఏళ్లు. పింగళి నాగేంద్రరావు 1971లో, ఘంటసాల 1974లో, సాలూరి 1999లో పోయారు. కాబట్టి రికార్డింగు హక్కు తీరినా పాట పూర్తిగా ఫ్రీ అయినట్టు కాదు. ఇంట్లో భద్రపరచడం ఒకటి, ఛానల్ పెట్టి డబ్బు చేసుకోవడం ఇంకోటి.

మా తీర్పు

సుశీల పాడిన పాటల్లో 17,695 పాటలను 2016లో గిన్నిస్ లెక్కగట్టింది. అన్ని పాటల్లో ఏ వెర్షన్ అసలుదో చెవితో తేల్చుకోమంటే మన జీవితం చాలదు. అందుకే మోనోనా, స్టీరియోనా అనే గొడవ కంటే ముందు మనం అడగాల్సింది మూడు లైన్ల లేబుల్: ఏ సోర్సు నుంచి తీశారు, ఏం మార్చారు, ఎవరు కట్టారు ఎవరు పాడారు. ఆపైన కొత్త వెర్షన్ వచ్చినా పాతదాన్ని తీసేయకూడదు.

ఝంకార్ కావాల్సినవాళ్లు ఝంకార్ వింటారు, తప్పేం లేదు. పక్కనే అసలుది కూడా ఉండాలి, అసలుదని రాసి ఉండాలి. ఇప్పుడే చేయగలిగింది ఒకటుంది. మీ యాప్‌లో 'లాహిరి లాహిరి' క్రెడిట్స్ తెరిచి చూడండి. సాలూరి రాజేశ్వరరావు పేరు లేకపోతే, యాప్‌లోని ఫీడ్‌బ్యాక్ ఆప్షన్‌లో ఆ ఒక్క పేరు రాసి పంపండి.