దోషములేని యాట యేది?

గత వేసవిలో మేము కలిదిండిలో బంధువుల యింట నాలుగు దినము లుంటిమి. మధ్యాహ్న భోజనములైన పిదప అరుగుమీద నొక ప్రక్క మామ్మగారు వామనగుంటల పీట ముందు పెట్టుకొని చింతగింజలు పంచుచుండిరి. రెండవ ప్రక్క పదియవ తరగతి చదువు మనుమరాలు సెల్‌ఫోనులో నేదో ఆట ఆడుకొనుచుండెను. కొంతసేపటికి ఆ బాలిక తలయెత్తి, "మామ్మా, నీ ఆటలో ఎప్పుడూ ఆ పద్నాలుగు గుంటలేనా? కొత్తవి ఏమీ రావా?" అని యడిగెను. మామ్మగారు చేతిలోని గింజలు విడుచుచునే, "ఉన్నవి చాలకపోతే గదటే, కొత్తవి కావలసింది!" అనిరి.

ఈ మాట మా మనస్సున నాటినది. ఆట బాగున్నదనుట వేరు, దానిలో దోషము లేదనుట వేరు. వీడియోఆట లాడువారు ప్రపంచమంతట తమలో తాము తరచు వాదించుకొను ప్రశ్న యిదియే: దోషము లేదనదగిన యాట యేది? 1998వ సంవత్సరమున జపానుదేశపు నింటెండో సంస్థ వెలువరించిన జెల్డా కథలలో 'ఓకరీనా ఆఫ్ టైమ్' అనుదానికి విమర్శకు లిచ్చిన మార్కుల సగటు నూటికి 99. అట్టి మెప్పు మిక్కిలి యరుదు. మార్కుల మాట అట్లుంచి, ఆడువారు దేనిని నిర్దోషమందురో విచారింపగా మాకు మూడు లక్షణములు గోచరించినవి. నియమములు కొద్దిగా నుండి త్వరగా తెలియవలెను. ఓడినచో తప్పు తనదే యని తోచవలెను. తీసివేయుటకుగాని చేర్చుటకుగాని యేమియు మిగులరాదు.

ఈ మూడింటికిని తగిన యుదాహరణము 'టెట్రిస్'. దీనిని 1984లో మాస్కోలో సోవియట్ విజ్ఞాన పరిషత్తువారి గణనకేంద్రమున పనిచేయుచున్న అలెక్సీ పాజిట్నోవ్ రచించెను. ఆయన యంత్రమునకు బొమ్మలు చూపు శక్తి లేదు. అక్షరచిహ్నములతోడనే ఆట సాగినది. నాలుగేసి గళ్లు గల ఏడు ఆకారములు ఒకటొకటిగా పైనుండి జారును. వానిని త్రిప్పి, సందు లేకుండ పేర్చవలెను. వరుస నిండినచో మాయమగును. నిండనిచో పేరుకొని నెత్తిమీదికి వచ్చును. అంతే! గృహిణులకు దీని మర్మము వేరుగా చెప్పనక్కరలేదు. చిన్న బీరువాలో పెద్ద సంసారమును సర్దినవా రెల్లరు దీని నెరుగుదురు. ఇంతటి యాటకును ఒక లోపము లేకపోలేదు. నింటెండో వారి 1989 నాటి టెట్రిస్‌లో మిక్కిలి దూరము పోయినచో యంత్రమే స్తంభించును. మానవు డెవ్వడైనను అంతదాక ఆడి దానిని స్తంభింపజేయుట 2023 డిసెంబరువరకు తెలిసినది కాదు. ఆ నెలలో అమెరికాలో పదమూడేండ్ల బాలు డొకడు దానిని సాధించెను. లోపము తగిలినందులకు వాడు విచారింపలేదు. పట్టరాని సంతోషము పొందెను.

రెండవ యుదాహరణము 2007లో వాల్వ్ సంస్థ వెలువరించిన 'పోర్టల్'. దీని వెనుక నొక యువతి కలదు. కిమ్ స్విఫ్ట్ అను నామెయు తోడి విద్యార్థులును కళాశాలలో నుండగా చేసిన చిన్న యాటను చూచి ఆ సంస్థవారు వారిని పిలిచి పని యిచ్చిరి; దానినుండియే యిది పుట్టినది. కథానాయికయు స్త్రీయే. ఆమె చేతిలోని యంత్రము గోడకు రెండు ద్వారములు తెరచును. ఒకదాన బ్రవేశించినచో రెండవదానినుండి బయటికి రావచ్చును. ఈ యొక్క యుపాయముతో గదివెంట గది దాటవలెను. కొన్ని గంటలలో నాట ముగియును. ఇంకను సాగదీయగల శక్తి యుండియు, చెప్పవలసినది చెప్పి ముగించుటయే దీని గొప్పదనమని ఆడినవా రందురు.

ఇపుడు మామ్మగారి పీట చూడుడు. వరుసకు ఏడు గుంటలు, రెండు వరుసలు. అన్నిట సమముగా గింజలు. ఒక గుంటలోనివి తీసి ముందరి గుంటలలో నొక్కొక్కటిగా విడువవలెను. చేతివి అయిపోగానే తరువాతి గుంటలోనివి తీసి మరల సాగవలెను. అది ఖాళీ యైనచో దానిని దాటి యవతలి గుంటలో నున్నవి మనకు దక్కును. పాచికలు లేవు, అదృష్టము లేదు. గింజలన్నియు కంటి యెదుటనే యుండును. ఓడినవారు తమ లెక్కను తప్ప నింకొకరిని నిందింపజాలరు. మూడు లక్షణములును ఇందు కలవు.

సెల్‌ఫోనులో ఉచితముగా దొరకు ఆటలు పెక్కింటిలో సంగతి వేరు. అందు దోషము పొరపాటున వచ్చినది కాదు, కావలెనని పెట్టినది. మొదటి మెట్లు సులభము. పిమ్మట నొక మెట్టును బుద్ధిపూర్వకముగా కఠినము చేయుదురు. ఓడగానే 'ప్రాణములు' అయిపోవును. వేచియుండుము, లేదా సొమ్మిచ్చి కొనుము అనును. కన్నము గల కుండను ఊరక యిచ్చి, నీరు కారినపుడెల్ల లక్క అమ్మువాని వర్తక మిది.

సొమ్ము పందెముగా పెట్టు ఆటల సంగతి యింతకంటె ఘోరము. కొల్లేటి ప్రాంతమున మే మెరిగిన యొక యింట చేపల మేతకై దాచిన సొమ్ము ఫోనులోని పేకాటలో రెండు నెలలకే కరగిపోయినది. భర్త ఆడుచున్నాడని భార్యకు తెలిసినది బ్యాంకుకు పోయిన దినముననే.

కలిదిండి పేరు చరిత్రలో రాజరాజనరేంద్రుని తామ్రశాసనముతో ముడిపడి యున్నది. తన పక్షమున పోరి మడిసిన ముగ్గురు చోళసేనానుల స్మృతికై ఆయన కట్టించిన శివాలయముల ప్రస్తావన అందు కలదు. ఆ రాజు ప్రేరణముననే నన్నయభట్టు భారతము తెనిగింప బూనెను. సభాపర్వములోని జూదఘట్టమును తెనుగువారి కిచ్చినది ఆయనయే. పందెము కాచినవాడు ధర్మరాజు; సభకు ఈడ్వబడినది ద్రౌపది. ఓడినవా రొకరు, అనుభవించినవారు వేరొకరు. నేటి ఫోనుజూదములోను ఆ న్యాయమే సాగినది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2020లో ఇట్టి యాటలను నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని వర్తించునట్లు సొమ్ముతో నాడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు చట్టము చేసెను. అయినను ప్రాణములు, రత్నములు అమ్ము ఆటలు ఇండ్లలో నున్నవి. వానిని కనిపెట్టవలసినది ఇల్లాలే.

అట్లని ఫోను లాగికొనుట మార్గము కాదు. ఆట వ్యర్థమను తలంపును తగదు. కలిదిండికి దూరము కాని గుడివాడలో 1987లో పుట్టిన కోనేరు హంపి చదరంగములో 2002లోనే గ్రాండుమాస్టరై, తల్లియైన పిమ్మట 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్కులోను ర్యాపిడ్ విభాగమున ప్రపంచవిజేత యయ్యెను. కావున బిడ్డ ప్రక్కన కూర్చుండి ఒకసారి ఆటను చూడుడు. "ఎందుకు ఓడితివమ్మా?" అని యడుగుడు. "నేనే తొందరపడితిని" అన్నచో నిశ్చింతగా నుండుడు. "కొనకపోతే గెలవనివ్వదు" అన్నచో ఆ యాటను తుడిచివేయించుడు.

మేము బయలుదేరునాటి మధ్యాహ్నము ఆ బాలిక ఫోను ప్రక్కనబెట్టి మామ్మగారి యెదుట కూర్చుండెను. రెండాటలు వరుసగా నోడి, మూడవదానికి తానే గింజలు పంచుచు, "మామ్మా, ఈసారి నీ ఎత్తు నాకు తెలిసిపోయిందిలే" అనెను. "అయితే కానీ, చూద్దాం" అని మామ్మగారు పీటను దగ్గరకు లాగుకొనిరి.