తప్పు పిల్లలదేనా?

వేసవి సెలవులకు ముందు మా సాయంత్రం ట్యూషన్ పిల్లల నోటు పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చుంటాం. మార్కుల కోసం కాదు. ఒకే రకం తప్పు పదిమంది పుస్తకాల్లో కనిపిస్తే, అది మా బోధనలోని తప్పే అయివుండాలి. "ఎంతమంది పాసయ్యారు?" అని దాతలు అడుగుతారు, న్యాయమే. ఈసారి కనిపించిన ఈ సంగతి కూడా మీకు చెప్పాలి.

నాలుగో తరగతి పిల్లలకు నోటి లెక్కలు ఉర్దూలో చెప్పేవాళ్ళం. ఇంటి భాష కదా, తేలికనుకున్నాం. మేము "ఉన్‌తీస్" అంటే 29 వేయాలి. కొందరు 39 వేశారు, కొందరు 31. ఆ తర్వాత కూడిక సరిగ్గానే చేశారు. ఏడాది పొడవునా మేము పెట్టిన ఎర్ర ఇంటూల్లో చాలావరకు ఇవే.

ఉర్దూలో తీస్ అంటే 30. ఉన్‌తీస్ అంటే 30కి ఒకటి తక్కువ. తెలుగులో ఇరవై తొమ్మిది అనగానే ఇరవై, తొమ్మిది రెండూ వినిపిస్తాయి. ఉన్‌తీస్‌లో వినిపించేది తీస్ ఒక్కటే. 39 ఉన్‌తాలీస్, 59 ఉన్‌సఠ్, 79 ఉనాసీ, అన్నీ ఇంతే. తీరా ఇది అలవాటయ్యాక 89 దగ్గర పద్ధతి మారి నవాసీ అవుతుంది! బడిలో అంకెలు తెలుగులోనో ఇంగ్లీషులోనో నేర్చుకునే పిల్లలకు వీటిని విడిగా నేర్పాలి. మేము నేర్పలేదు, వచ్చనుకున్నాం. మాకు చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చినవి కనుక అందులో చిక్కుందని తోచనే లేదు. మీ ఇంట్లో పిల్లలను ఉనాసీ వేయమని అడిగి చూడండి.

వీరిలో ఒక అబ్బాయి తండ్రికి "మీవాడు లెక్కల్లో వీక్" అని డిసెంబరులో మేమే చెప్పాం. జనవరి నుంచి ఆ అబ్బాయి ట్యూషన్ మానేసి సాయంత్రాలు దుకాణంలో కూర్చుంటున్నాడు. పుస్తకాలు చూశాక మేమిద్దరం వాళ్ళింటికి వెళ్ళాం. అవే లెక్కలు కాగితం మీద రాసి ఇస్తే అన్నీ చేశాడు. "మీరే వీక్ అన్నారు కదా సార్" అన్నారు తండ్రి. పొరపాటు మాదేనని ఒప్పుకున్నాం. ఆలోచించి చెబుతానన్నారు.

జూన్ నుంచి ఉర్దూ మానం. ముందు అంకె చెబుతాం, పిల్లలు పలక మీద వేసి చూపిస్తారు, ఆ తర్వాతే లెక్క. గోడకు ఒకటి నుంచి వంద దాకా మూడు భాషల్లో చార్టు రాయిస్తున్నాం. ఆ అబ్బాయి పేరు మాత్రం హాజరు పట్టీలో అలాగే ఉంచాం.