కొలతలిచ్చి చేయించుకున్న వస్తువును వాపసు చేయవచ్చా?

ఆన్‌లైన్‌లో కొలతలు పంపి కుట్టించుకునే బ్లౌజు, కంటి వైద్యులు రాసిచ్చిన పవర్ ప్రకారం చేయించుకునే కళ్లజోడు, పేరు చెక్కించిన ఉంగరం, గది గోడకు సరిపోయేలా చేయించిన బీరువా వంటివాటిని అమ్మే పేజీల్లో 'ఆర్డరుపై తయారుచేసిన వస్తువులు వాపసు తీసుకోబడవు' అన్న షరతు తరచుగా కనిపిస్తుంది. కొన్నవారిలో చాలామంది దాన్ని చట్టం చెప్పిన మాటగానే నమ్మి, చంకల దగ్గర పట్టేసిన బ్లౌజునూ, తలుపు సరిగా పడని బీరువానూ ఇంట్లోనే ఉంచుకొని నష్టాన్ని భరిస్తున్నారు. భారతదేశంలో అమలులో ఉన్న చట్టాలను బట్టి చూస్తే, వస్తువు ఒప్పుకున్నట్టే తయారై వచ్చి, కొన్నవారికి మాత్రం అది వద్దనిపించినప్పుడే ఆ షరతు అమ్మకందారును కాపాడుతుంది. వస్తువు ఒప్పుకున్నట్టు లేకపోతే ఆ షరతును అడ్డుపెట్టుకొని డబ్బు నిరాకరించే అధికారం అమ్మకందారుకు లేదు.

మనసు మారిన కారణంగా వస్తువును తిప్పి పంపే హక్కును యూరోపియన్ యూనియన్ 2011లో తెచ్చిన వినియోగదారుల హక్కుల ఆదేశం స్పష్టంగా ఇచ్చింది. దూరం నుంచి, అంటే దుకాణానికి వెళ్లకుండా కొన్న వస్తువును అందుకున్న 14 రోజుల్లోగా ఏ కారణమూ చెప్పకుండా రద్దు చేసుకోవచ్చునని చెబుతూనే, వినియోగదారు ఇచ్చిన వివరాల ప్రకారం తయారైన వస్తువులను, స్పష్టంగా ఒక వ్యక్తి కోసమే మలిచిన వస్తువులను ఆ హక్కు నుంచి మినహాయించింది. బ్రిటన్‌లో 2014 జూన్ నుంచి అమలులో ఉన్న నిబంధనలూ ఇదే మినహాయింపును పాటిస్తున్నాయి. జర్మనీలో ఒక వాణిజ్య ప్రదర్శనలో వంటగది సామగ్రికి ఆర్డరిచ్చిన వినియోగదారు, ఇంకా తయారీ మొదలు కాలేదు కనుక రద్దు చేసుకోవచ్చునని వాదించిన కేసులో, పని మొదలైనా కాకపోయినా మినహాయింపు వర్తిస్తుందని యూరోపియన్ న్యాయస్థానం 2020 అక్టోబరులో తేల్చింది. భారతదేశంలో అయితే ఆన్‌లైన్ కొనుగోళ్లన్నిటికీ వర్తించే ఇటువంటి 'ఆలోచించుకునే గడువు' చట్టంలో లేదు. ఏడు రోజులనో పది రోజులనో కొన్ని వేదికలు ఇచ్చే వాపసు సౌకర్యం వాటి సొంత విధానమే తప్ప చట్టం విధించిన బాధ్యత కాదు.

ఈ మినహాయింపు వెనుక ఉన్న న్యాయాన్ని కాదనలేం. ఒకరి కొలతలకు కుట్టిన బ్లౌజును మరొకరు వేసుకోలేరు, ఒకరి ఇంటిపేరు చెక్కిన ఏటికొప్పాక లక్క బొమ్మను మరొకరు కొనరు. అలాంటి పనిని ఇంటి దగ్గర కుట్టుమిషనుతోనో చిన్న కొలిమితోనో చేసే మనిషికి, ఆర్డరిచ్చినవారు ఊరికే వెనక్కి తగ్గితే పెట్టుబడీ కష్టమూ రెండూ పోతాయి.

అయితే ఏది నిజంగా ఆర్డరుపై తయారైన వస్తువు అన్న ప్రశ్న వస్తుంది. జాబితాలో ఉన్న ఐదు రంగుల్లో ఒకటి, నాలుగు సైజుల్లో ఒకటి ఎంచుకున్నంత మాత్రాన అది ప్రత్యేకంగా చేయించిన వస్తువు కాబోదని, అమ్మకందారు ముందే నిర్ణయించిన ఎంపికలను కలిపి తీసుకోవడం వేరు, వినియోగదారు సొంత కొలతలు ఇవ్వడం వేరు అని యూరోపియన్ కమిషన్ తన మార్గదర్శకాల్లో వివరించింది. భారతీయ నియమాల్లో ఇంతటి స్పష్టమైన నిర్వచనం లేకపోవడం పెద్ద లోటు. దాని ఫలితంగా ఆర్డరు అందాక గోదాములోంచి తీసి పంపే సాధారణ సోఫాకు కూడా 'మీ కోసమే తయారీ' అన్న పేరు తగిలించి వాపసు తలుపు మూసేయడం అమ్మకందారులకు సులువవుతోంది. 2020 నాటి ఇ-కామర్స్ నియమాలకు ఈ నిర్వచనాన్ని చేర్చడం ప్రభుత్వం చేయవలసిన పని.

ఇక వస్తువు ఒప్పుకున్నట్టు రాకపోవడం అన్న రెండో సందర్భంలో భారతీయ వినియోగదారు చేతిలో ఉన్న హక్కు గట్టిది. 2020 జూలైలో అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఆన్‌లైన్ కొనుగోలును సాధారణ కొనుగోలుతో సమానంగా పరిగణిస్తుంది. చట్టం దృష్టిలో 'లోపం' అంటే వస్తువు విరిగిపోయి ఉండడం ఒక్కటే కాదు. ఒప్పందం ప్రకారమో, అమ్మకందారు స్వయంగా చెప్పుకున్న ప్రకారమో ఉండవలసిన నాణ్యతలో, పరిమాణంలో, ప్రమాణంలో ఉన్న ఏ కొరత అయినా లోపమే. అలాంటి వస్తువును బిల్లులో పేర్కొన్న గడువులోగా, గడువు పేర్కొనకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకొని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడాన్ని ఈ చట్టం 'అనుచిత వ్యాపార పద్ధతి'గా గుర్తించింది. అదే నెలలో వచ్చిన ఇ-కామర్స్ నియమాలు మరో అడుగు ముందుకు వేసి, వస్తువు లోపభూయిష్టంగా ఉన్నా, నకిలీదైనా, ప్రకటించిన లేదా ఒప్పుకున్న లక్షణాలు దానికి లేకపోయినా, చెప్పిన తేదీ దాటి వచ్చినా, వేదికల ద్వారా అమ్మేవారు దాన్ని వెనక్కి తీసుకోవడానికి గానీ డబ్బు తిరిగి ఇవ్వడానికి గానీ నిరాకరించరాదని శాసించాయి. సొంత సరుకును సొంత వెబ్‌సైటులో అమ్మే సంస్థలకూ ఇదే బాధ్యత ఉంది. ఆర్డరుపై చేసిన వస్తువులకు ఈ నిబంధనలో మినహాయింపు ఏదీ లేదు. ఈ ఒక్క విషయం తెలిసినా సగం వివాదాల్లో వినియోగదారు వెనక్కి తగ్గనక్కర్లేదు.

కాబట్టి వివాదమంతా 'ఏమి ఒప్పుకున్నారు' అన్న చోటికే చేరుతుంది. ఇక్కడ 1930 నాటి వస్తు విక్రయ చట్టం ఇప్పటికీ ఆధారంగా నిలుస్తుంది. వర్ణన చూసి కొన్న వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలని, నమూనా చూసి కొన్నది ఆ నమూనాలాగే ఉండాలని, ఏ అవసరానికి కొంటున్నారో ముందే చెప్పి అమ్మకందారు నైపుణ్యం మీద ఆధారపడినప్పుడు ఆ అవసరానికి అది పనికిరావాలని ఈ చట్టం చెబుతుంది. బ్లౌజు విషయంలో దీన్ని అన్వయిస్తే, కొన్నవారు ఛాతీ 36 అంగుళాలని రాసి పంపగా కుట్టినవారు 34 అంగుళాలకు కుడితే తప్పు కుట్టినవారిదే, డబ్బు తిరిగి ఇవ్వవలసిందీ వారే. 36 అని పొరపాటున రాసి, 36కే కుట్టించుకొని, బిగుతైందంటే ఆ నష్టం రాసినవారిదే. ఆది బ్లౌజు పంపి 'ఇలాగే కుట్టండి' అని చెప్పినప్పుడు ఆ ఆది బ్లౌజే నమూనా అవుతుంది కనుక, దాన్ని పంపేముందు పరచి, టేపు పెట్టి ఫోటోలు తీసి ఉంచుకోవడం ఎంతో ఉపయోగపడుతుంది. అమ్మకందారు పంపిన వీడియో చూసి, వారు చెప్పిన పద్ధతిలోనే కొలతలు తీసుకొని పంపితే, ఆ పద్ధతిలోనే తప్పుంటే బాధ్యత వారి నైపుణ్యం మీదికి మళ్లుతుంది; ఇలాంటి సందర్భాల్లో వినియోగదారులు తప్పు తమదేననుకొని ఊరుకోవడం సరికాదు.

గుడ్డ వినియోగదారుదే అయి, కుట్టుపని, మగ్గం వర్కు మాత్రమే అవతలివారివైతే అది వస్తువు అమ్మకం కాక సేవ అవుతుంది. అప్పుడు చట్టం వాడే మాట 'సేవాలోపం'. పట్టుగుడ్డ కత్తెర తప్పి పాడైతే కుట్టుకూలి వాపసు ఇచ్చి చేతులు దులుపుకుంటామంటే కుదరదు, గుడ్డ విలువనూ పరిహారంగా అడగవచ్చు.

కళ్లజోడు విషయంలో ప్రమాణం మరింత స్పష్టంగా ఉంటుంది, ఎందుకంటే వైద్యుల చీటీలోని పవరు అంకెల్లో ఉంటుంది; అద్దాల పవరును మరో దుకాణంలో యంత్రంపై చూపించి, ఆ అంకెలను రాయించుకుంటే అదే బలమైన సాక్ష్యం. బంగారు నగల్లో మజూరికీ తరుగుకూ చెల్లించినది తిరిగి రాదన్న షరతు సాధారణమే అయినా, స్వచ్ఛత విషయంలో ఏ షరతూ పనిచేయదు. 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్కు నగలపై అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల గుర్తింపు సంఖ్య ఉండాలన్న నియమం ఉంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. పరీక్షలో స్వచ్ఛత తగ్గిందని తేలితే, ఆ తరుగుదల విలువకు రెట్టింపునూ పరీక్ష ఖర్చునూ పరిహారంగా ఇవ్వాలని 2018 నాటి బీఐఎస్ నియమాలు చెబుతున్నాయి.

చేనేత వస్తువుల దగ్గర కొంత ఓర్పు అవసరం. పోచంపల్లి ఇక్కత్‌లో రంగు అంచులు కొద్దిగా చెదిరినట్టు కనిపించడం, ఉప్పాడ చీరలో ఒక పోగు మందంగా ఉండడం చేతిపని లక్షణాలే తప్ప లోపాలు కావు, వాటిని చూపి చీరను తిప్పి పంపితే నేతగాడికి అన్యాయం జరుగుతుంది. చేనేత అని చెప్పి మరమగ్గం చీరను పంపితే మాత్రం అది వర్ణనకు విరుద్ధమైన సరుకే.

ఆలస్యం కూడా వాపసుకు కారణమే. ముహూర్తపు తేదీ చెప్పి ఆర్డరిచ్చిన పెళ్లి బ్లౌజు పెళ్లయ్యాక వస్తే, కుట్టు ఎంత బాగున్నా అది చేయవలసిన పని చేయలేకపోయింది. వరదల వంటి, మనిషి చేతిలో లేని కారణం వల్ల ఆలస్యమైతే తప్ప ఇ-కామర్స్ నియమాలు వినియోగదారు పక్షానే నిలుస్తాయి. అందుకే అవసరమైన తేదీని ఫోనులో చెప్పి వదిలేయకుండా ఆర్డరులోనో వాట్సాప్ సందేశంలోనో రాసి పెట్టడం మంచిది.

తయారీ మొదలు కాకముందే రద్దు చేసుకుంటే అడ్వాన్సు మొత్తం పోతుందా అన్నది మరో సందేహం. అమ్మకందారు తానే ఆర్డరును రద్దు చేసినప్పుడు తనపై వేసుకోని రుసుమును, వినియోగదారు రద్దు చేసినప్పుడు వసూలు చేయరాదని ఇ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. 1872 నాటి భారతీయ ఒప్పందాల చట్టం కూడా, ఒప్పందం తప్పినవారి నుంచి సహేతుకమైన పరిహారాన్నే అనుమతిస్తుంది. గుడ్డ ఇంకా కత్తిరించకముందే పూర్తి ధరను అట్టే ఉంచుకోవడం ఆ కొలతకు నిలవదు.

లోపం కనిపించగానే చేసే మొదటి పనిపైనే తర్వాతి ఫలితం చాలావరకు ఆధారపడుతుంది. వస్తువును పరీక్షించుకోవడానికి తగిన అవకాశం కొన్నవారికి ఉండాలని విక్రయ చట్టం చెబుతూనే, సహేతుకమైన కాలం గడిచినా తిరస్కరిస్తున్నట్టు తెలియజేయకపోతే దాన్ని అంగీకరించినట్టే భావిస్తుంది. కనుక వీధిచివరి టైలరు దగ్గర కుట్టు విప్పించి సరిచేయించుకోకముందే ఫోటోలు తీసి, వస్తువును తిరస్కరిస్తున్నట్టు రాతపూర్వకంగా తెలియజేయాలి. పార్సిల్ విప్పుతున్న వీడియో లేకపోతే ఫిర్యాదు తీసుకోమని కొందరు షరతు పెడతారు గానీ, చట్టం ఎక్కడా దాన్ని తప్పనిసరి చేయలేదు. అది ఉంటే మంచి సాక్ష్యం, లేకపోయినా హక్కు పోదు.

ఇ-కామర్స్ సంస్థలోని ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. అక్కడ ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకు ఉన్న ఫిర్యాదులను జిల్లా కమిషన్ విచారిస్తుంది, 5 లక్షల లోపు ఫిర్యాదుకు రుసుము లేదు, న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. అమ్మకందారు సూరత్‌లో ఉన్నా జైపూర్‌లో ఉన్నా, ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చునన్నది 2019 చట్టం తెచ్చిన గొప్ప మేలు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న బొటిక్‌కు కొలతలు పంపి పెళ్లి దుస్తులు కుట్టించుకునే ప్రవాస తెలుగువారు, ఆ బొటిక్ వ్యాపారం చేసే చోటి కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. ఫిర్యాదును ఆన్‌లైన్‌లో దాఖలు చేసి, వీడియో ద్వారా విచారణకు హాజరయ్యే వీలునూ చట్టం కల్పించింది.

కొనేవారు చేయవలసిన పని ఒకటుంది. ఆర్డరు పెట్టే రోజునే కొలతలనూ గుడ్డరకాన్నీ తేదీనీ ఒకే సందేశంలో రాసి, 'వీటి ప్రకారమే చేస్తున్నాం' అన్న జవాబును అమ్మకందారు నుంచి తీసుకొని, బిల్లుతోపాటు కనీసం రెండేళ్లు భద్రపరచుకోవాలి. ఫిర్యాదుకు చట్టం ఇచ్చిన గడువు అంతే.