గుమ్మడికాయ గుమ్మం దాటకూడదు

తెలుగువాళ్ళ ఇంట్లో గుమ్మడికాయ గుమ్మానికి పైన వేలాడుతుంది. అమెరికావాళ్ళ ఇంట్లో గుమ్మం ముందు మెట్ల మీద కూర్చుంటుంది. మనది బూడిద గుమ్మడి. దిష్టి తగలకుండా కడతాం, కుళ్ళితే దిష్టంతా అదే లాగేసిందనుకుని కొత్తది కడతాం. వాళ్ళది కాషాయ రంగు తీపి గుమ్మడి. సెప్టెంబరు చివర్లో వసారాలోకి వచ్చి, అక్టోబరు 31న హాలోవీన్ చూసి, నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ భోజనాలయ్యాక చెత్తబుట్టకు చేరుతుంది. ఆ కాలాన్ని వాళ్ళు ఫాల్ అంటారు. పంచాంగం చూస్తే అది మన శరత్తు, ఆకులు రాలే తీరు చూస్తే మన శిశిరం. అప్పుడు అక్కడివాళ్ళు ఇల్లు అలంకరించుకోవడం మనం సంక్రాంతికి ముగ్గులు పెట్టుకున్నంత మామూలు. చిక్కల్లా ఆ ఇంటి ముందు ‘ఫర్ సేల్’ బోర్డు ఉన్నప్పుడే. ఉద్యోగం మారో, పిల్లల బడి కోసమో, ఇండియాకు తిరిగి వచ్చేస్తూనో చలికాలం లోపల ఇల్లు అమ్మేయాలనుకునే తెలుగు కుటుంబాలు డాలస్ పక్కన ఫ్రిస్కోలోనూ, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనూ ఉంటాయి. పండగ కళ ఎంత ఉంచాలి, ఎంత తీసేయాలి అన్నది వాళ్ళకు నిజంగా తేల్చుకోవాల్సిన విషయమే. నన్నడిగితే ఋతువు గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. గుమ్మడికాయ బయట ఉండొచ్చు. లోపలికి రావాల్సింది వెలుతురు ఒక్కటే.

అమ్మే ఇంటిని కొనేవాళ్ళ కంటికి ఆనేలా సర్దడాన్ని అక్కడ స్టేజింగ్ అంటారు. 1970ల్లో సియాటిల్ ప్రాంతపు ఏజెంటు బార్బ్ ష్వార్జ్ దీన్ని ఒక వృత్తిగా మలిచిందని చెప్పుకుంటారు. ఇప్పుడది పెద్ద వ్యాపారం. అమెరికా రియల్టర్ల జాతీయ సంఘం 2023లో చేసిన సర్వేలో, కొనేవాళ్ళ తరఫున పనిచేసే ఏజెంట్లలో 81 శాతం మంది సర్దిన ఇంటిని చూస్తే అందులో తామున్నట్టు ఊహించుకోవడం కొనేవాళ్ళకు తేలికవుతుందన్నారు. బాగానే ఉంది గానీ, ఇది ఏజెంట్ల అభిప్రాయం. ఇల్లు అమ్ముడైతేనే కమిషన్ వచ్చేవాళ్ళ మాటను ఆ మేరకే తూచాలి. దీని పక్కన 2015లో వచ్చిన మరో పరిశోధనను పెట్టి చూడాలి. మార్క్ లేన్, మైకేల్ సైలర్, విక్కీ సైలర్ ఒకే ఇంటిని కంప్యూటరు మీద ఆరు రకాలుగా తయారు చేశారు. గోడలకు ఒకచోట మామూలు లేత రంగు, మరోచోట కంటికి నప్పని రంగు. సామాను ఒకచోట చక్కనిది, ఒకచోట వికారమైనది, ఇంకోచోట అసలేమీ లేదు. చూసినవాళ్ళను ధర కట్టమంటే ఆరిటికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ‘ఇందులో కాపురం ఉండటానికి ఎలా ఉంటుంది’ అని అడిగినప్పుడు మాత్రం తేడా వచ్చింది. ఇంకో ముచ్చట కూడా బయటపడింది: ఈ హంగులకు మిగతావాళ్ళు పడిపోతారని చాలామంది నమ్మారు. తనకు తప్ప లోకానికంతటికీ భ్రమ ఉందనుకోవడం కొనేవాడికీ తప్పలేదన్నమాట.

అయితే అలంకరణ దండగేనా? ధర పెంచుతుందన్న ఆశతో చేస్తే దండగే. బేరంలో నిలబడేవి చుట్టుపక్కల ఇళ్ళు ఎంతకు పోయాయి, బడి ఎలాంటిది, వడ్డీ రేటెంత అన్న లెక్కలే. కానీ బేరం దాకా రావాలంటే ముందు మనిషి గుమ్మం ఎక్కాలి. అమెరికాలో ఇళ్ళ సందడి వసంతంలోనూ వేసవిలోనూ ఉంటుంది. బడులు తెరిచాక పలచబడుతుంది. ఫాల్‌లో వచ్చేవాళ్ళు తక్కువ, వచ్చేవాళ్ళకు మాత్రం సాధారణంగా తొందర ఉంటుంది. ఆ కొద్దిమందిలో ఒక్కరు వెనక్కి మళ్ళినా ఇల్లు చలికాలంలోకి జారిపోవచ్చు. ఖాళీగా ఉన్నా బ్యాంకు వాయిదా ఆగదు, బీమా ఆగదు, న్యూజెర్సీ లాంటి చోట ఏడాదికి ఇంటి విలువలో దాదాపు 2 శాతం దాకా ఉండే పన్నూ ఆగదు. అలంకరణ వల్ల దక్కేది పైసలు కావు, అనుమానం తగ్గడం. దేనివల్ల అనుమానం పెరుగుతుందో అది ఎంత అందంగా ఉన్నా తీసేయాలి.

ఈ కొలతతో చూస్తే మొదట దొరికిపోయేది ఫొటో. ఇప్పుడు ఇల్లు చూడటం ఫోన్ తెర మీదే మొదలవుతుంది. హాల్లో బల్ల మీద మేపుల్ ఆకుల దండ, సోఫా మీద గుమ్మడికాయ బొమ్మలున్న దిండ్లు పెట్టి అక్టోబరులో తీసిన ఫొటో ఆ నెలంతా ముచ్చటగానే ఉంటుంది. జనవరిలో అదే ఫొటో చూసినవాడు ‘మూడు నెలలుగా దీన్ని ఎవరూ ముట్టుకోలేదు, ఏదో లొసుగుంది’ అనుకుంటాడు. ఇల్లు ఎన్నాళ్ళ నుంచి అమ్మకానికి ఉందో లిస్టింగుల్లో రోజుల లెక్క కనబడుతూనే ఉంటుంది కదా అనొచ్చు. నిజమే, కానీ అంకెను ఎవరూ పట్టి చూడకపోవచ్చు, గుమ్మడికాయ మాత్రం తేదీ ముద్రలా ఎదురుగా కూర్చుంటుంది. అందుకే లోపలి ఫొటోల్లో ఏ పండగ గుర్తూ ఉండకూడదు. వాటిని సెప్టెంబరులోనే, ఇల్లు మామూలుగా ఉన్నప్పుడు తీయించుకోవడం మేలు. బయటి ఫొటో ఒక్కటి ఋతువుతో పాటు మార్చుకోవచ్చు, దాన్ని మళ్ళీ తీయడానికి పదిహేను నిమిషాలు చాలు.

ఇక గుమ్మం. ఋతువుకు నేను వదిలిపెట్టిన చోటు ఇదే కాబట్టి దగ్గరికి వెళ్ళి చూద్దాం. తాళం తీస్తూ ఏజెంటు తంటాలు పడే ఆ ఒకటి రెండు నిమిషాలు కొనేవాడు చేసే పనేమీ ఉండదు. అతని కళ్ళు తలుపు రంగు మీద, మెట్ల పగుళ్ళ మీద, కాలిపట్టా మీద తిరుగుతుంటాయి. అక్కడ రెండు మూడు నిండు గుమ్మడికాయలు, చెరో పక్క ఒక చామంతి కుండీ ఉంటే చాలు. చెక్కిన గుమ్మడికాయ వారం తిరక్కుండానే మెత్తబడి, లోపల బూజు పట్టి, కింది కాంక్రీటు మీద జిగురు మరక వదులుతుంది. ఉడతలు పళ్ళు దించితే చెప్పక్కర్లేదు. చెక్కనిది చల్లటి చోట నెలా రెండు నెలలైనా చెక్కుచెదరదు. చామంతి కూడా అంతే: పూర్తిగా విచ్చిన కుండీ దుకాణంలో ఊరిస్తుంది గానీ రెండు మూడు వారాల్లో గోధుమ రంగుకు తిరుగుతుంది. మొగ్గల మీదున్నది కొంటే నవంబరు దాకా వస్తుంది. బతుకమ్మలో తంగేడు, గునుగు పక్కన పేర్చే చామంతే అక్కడ వాళ్ళ వసారాల్లో ‘మమ్స్’ పేరుతో ఫాల్‌కు గుర్తుగా నిలబడటం నాకు సరదాగా అనిపిస్తుంది. గడ్డి మోపు, మొక్కజొన్న కట్టలు, దిష్టిబొమ్మ, సాలెగూళ్ళు, అస్థిపంజరం వరస మాత్రం వద్దు. ఇంటి నంబరు కనబడదు, నడవడానికి దారి ఉండదు. పైగా నిజం సాలెగూడు ఏదో, పెట్టిన సాలెగూడు ఏదో తేల్చుకునే పని కొనేవాడికి అంటగట్టడం ఏమంత తెలివి? ఊరిని బట్టి కూడా చూసుకోవాలి. డాలస్ వైపు అక్టోబరు మొదట్లో పగళ్ళు ఇంకా వెచ్చగానే ఉంటాయి, అక్కడి లైవ్ ఓక్ చెట్లు ఆకులు మార్చుకునేది వసంతంలో. పచ్చటి చెట్టు కింద ప్లాస్టిక్ మేపుల్ ఆకులు వేలాడదీస్తే న్యూజెర్సీ నుంచి పార్సిల్లో వచ్చినట్టుంటుంది.

లోపల అసలు కొరత వెలుతురుది. 2007 నుంచి అమెరికాలో గడియారాలు నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి పోతున్నాయి. ఆ తర్వాత ఎడిసన్‌లో సాయంత్రం అయిదు కాకముందే పొద్దు గూకుతుంది, డాలస్‌లో అయిదున్నరకు. ఆఫీసు అయ్యాక వచ్చే ఏ కొనుగోలుదారూ ఇంటిని వెలుగులో చూడడు. జేగురు రంగు దిండ్లు, ముదురు దుప్పట్లు, గోధుమ రంగు తెరలు ఫాల్ అలంకరణలో ముందువరస సరుకు. వెలుతురును తాగేసేవి కూడా అవే. కిటికీ అద్దాలు కడిగి, వాటికున్న జాలీలు తీసి దాచిపెడితే గదికి వచ్చే కళ వంద డాలర్ల దండలతో రాదు. అలాగే బల్బులు. ఒకే హాల్లో ఒకటి ఆసుపత్రిలో లాగా తెల్లగా, ఒకటి పాత రోజుల్లో లాగా పసుపుగా వెలుగుతుంటే సగం గోడ నీలంగా, సగం గోడ మాసినట్టు కనబడుతుంది. ఫొటోలో మరీ తేలిపోతుంది. డబ్బా మీద 2700 అనో 3000 కెల్విన్ అనో రాసి ఉన్న బల్బులు గదంతా ఒకే రకానివి వేయాలి. చీకటి మూలలో ఒక నిలువు దీపం పెట్టాలి. వసారా దీపానికి టైమర్ తగిలించాలి.

వాసన విషయంలో కూడా గుమ్మం నియమమే పాటించాలంటాను. ఫాల్ అంటే అక్కడ పంప్‌కిన్ స్పైస్: దాల్చినచెక్క, జాజికాయ, లవంగం, శొంఠి. మన మసాలా డబ్బాకు దూరపు చుట్టమే. స్టార్‌బక్స్ 2003లో దాన్ని కాఫీలో కలిపాక కొవ్వొత్తుల దాకా పాకింది. ఎవరైనా వచ్చి ఇల్లు చూసుకునే ఓపెన్ హౌస్ రోజున ఈ కొవ్వొత్తులు గదికొకటి వెలిగించే అలవాటుంది. స్విట్జర్లాండులో ఇంటి అలంకరణ సామాను అమ్మే ఒక దుకాణంలో ఎరిక్ స్పాంగెన్‌బర్గ్ బృందం వాసనల మీద చేసిన పరిశోధన 2013లో అచ్చయింది. ఒట్టి నారింజ వాసన ఉన్నప్పుడు జనం సగటున 20 శాతం దాకా ఎక్కువ ఖర్చుపెట్టారు. నారింజకు తులసి జాతి ఆకు, గ్రీన్ టీ కలిపిన ఖరీదైన వాసనకు ఆ ఫలితం రాలేదు. మెదడు చిక్కుముడి విప్పుకుంటూ కూర్చుంటే కొనడం మీద ధ్యాస తగ్గుతుందని వాళ్ళ వివరణ. దుకాణం వేరు, ఇల్లు వేరు, ఒప్పుకుంటాను. అయినా ఘాటైన కొవ్వొత్తి వాసన రాగానే కొనేవాడికి వచ్చే మొదటి సందేహం ‘దేన్ని కప్పిపెడుతున్నారు?’ అన్నదే. ఇంగువ పోపు, ఎండుచేపల వేపుడు ఆ వారం పెరట్లో గ్రిల్ పక్కన పొయ్యి పెట్టుకుని కానిచ్చి, కిటికీలు పది నిమిషాలు తెరిచి ఉంచితే సరిపోతుంది.

ఇక్కడ తెలుగు పాఠకులకు కాస్త చురుక్కుమంటుందని తెలుసు. దసరా, బతుకమ్మ, దీపావళి అన్నీ ఫాల్‌లోనే వస్తాయి. అమ్ముడుపోవడం కోసం బొమ్మల కొలువు మానుకోవాలా, మామిడాకుల తోరణం తీసేయాలా, మన ఉనికిని అటకెక్కించాలా? 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం మతాన్ని బట్టో పుట్టిన దేశాన్ని బట్టో ఇల్లు అమ్మననడానికి వీల్లేదంది. అది అమ్మేవాళ్ళనూ ఏజెంట్లనూ బ్యాంకులనూ కట్టేస్తుంది, కొనేవాడి ఇష్టాయిష్టాలను కట్టేయలేదు. మన పండగ గుర్తులు చూసి కొనేవాడు వెనక్కి తగ్గడమనే అన్యాయాన్ని నేను సమర్థించడం లేదు. కానీ ఈ సలహా మన ఒక్కరికే కాదని గుర్తుంచుకోవాలి. క్రిస్మస్ చెట్టును చిన్నది చేయమనీ, పిల్లల ఫొటోలు గోడ మీంచి దించమనీ అక్కడి ఏజెంట్లు తెల్లవాళ్ళకూ చెబుతారు. అసలు పండగ వేరు, అలంకరణ వేరు. నవరాత్రుల్లో కొలువు పెట్టుకునేవాళ్ళు ఆ రోజుల్లో ఇల్లు చూపించడం కుదరదని ఏజెంటుతో చెప్పి ఆపించుకోవచ్చు. ఫొటోలు ముందే తీసి ఉంటాయి కాబట్టి నష్టం తక్కువ. పిల్లల గుమ్మడికాయను హాలోవీన్ సాయంత్రం చెక్కి, మర్నాడు తీసేయొచ్చు. చేయకూడనిది పండగ అయిపోయాక కూడా దాని ఛాయలు నెలల తరబడి గోడల మీద వదిలేయడం. పూజగది సంగతి మాత్రం పేటను బట్టి తేల్చుకోవాలి. తూర్పు ముఖం ఇల్లు కావాలని వెతికే తెలుగువాళ్ళూ గుజరాతీలూ ఎక్కువగా ఉన్న ఫ్రిస్కో వీధిలో శుభ్రంగా సర్దిన పూజగది ఉంటే ఇల్లు తొందరగా పోవచ్చు. అక్కడ దాన్ని స్టోర్ రూమ్‌లా మార్చి చూపడం చేతిలో ఉన్నది పారేసుకోవడమే.

ఇదంతా కొనేవాడి కళ్ళకు గంతలు కట్టడం కాదా అన్నవాళ్ళకు కూడా ఒక మాట. మరక మీద తివాచీ పరిస్తే మోసమే. టెక్సస్‌లో అయితే తెలిసిన లోపాలను అమ్మేవాడు రాతపూర్వకంగా చెప్పి తీరాలి. దొరికిపోవడానికీ ఎంతో కాలం పట్టదు. బేరం కుదిరాక ఇంటిని పరీక్షించడానికి వచ్చే ఇన్‌స్పెక్టరుకు దండలూ కొవ్వొత్తులూ కనబడవు. రాలిన ఆకులతో నిండి పొంగుతున్న చూరు కాలువలు కనబడతాయి, తడి ఆకుల మీద జారే కాలిబాట కనబడుతుంది, దుమ్ము పట్టిన హీటర్ ఫిల్టర్ కనబడుతుంది. ఒకే శనివారం చేతిలో ఉంటే దాన్ని చూరు కాలువలకే ఇవ్వాలి, గుమ్మడికాయల వంతు ఆ తర్వాతే.

2026లో గడియారాలు వెనక్కి తిరిగేది నవంబరు 1న, దీపావళి నవంబరు 8న, అదీ ఆదివారం. ఓపెన్ హౌస్‌లు పెట్టేది కూడా ఎక్కువగా ఆదివారం మధ్యాహ్నమే. నాలుగింటికి చూడవచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, చీకటి పడుతుండగా గుమ్మానికి అటూ ఇటూ ప్రమిదలు పెట్టుకోవడానికి ఏ ఏజెంటూ అడ్డు చెప్పడు. కాంక్రీటు మీద నూనె మరక పడకుండా కింద పళ్ళేలు పెట్టుకోవాలి, అంతే.